ఉప్పునీటిలో చేప దాహం

బర్నబీ నగరం రెండు నీళ్ళ నడుమ ఉన్నది. ఉత్తరపు అంచున బరార్డ్ ఇన్‌లెట్ అనే సముద్రపు పాయ; అందులోది పసిఫిక్ మహాసముద్రపు ఉప్పునీరు. దక్షిణపు అంచున ఫ్రేజర్ నది. సముద్రపు ఆటుపోట్లు అక్కడిదాకా తాకుతున్నా అందులో ప్రవహించేది ప్రధానంగా కొండల మంచు కరిగి వచ్చిన మంచినీరు. ఈ రెండింటి మధ్య దూరం కారులో అరగంట ప్రయాణానికి మించదు. నీటిలో పుట్టి పెరిగే ప్రాణికి మాత్రం ఇవి రెండు వేర్వేరు లోకాలు. ఒకదానిలో బ్రతికే చేపను రెండవదానిలో వేస్తే, కొద్ది జాతులను మినహాయిస్తే, అది బ్రతకదు.

ఈ విషయం ఇప్పుడు ఎందుకంటే, ఉత్తర అమెరికాలోని మన తెలుగు ఇళ్ళలో పిల్లల కోరికపై సముద్రపు చేపల అక్వేరియంలు వెలుస్తున్నాయి. నారింజ రంగు మీద తెల్లని పట్టీలతో మెరిసే క్లౌన్ చేపను చూసి ముచ్చటపడని పిల్లలుండరు. అయితే కొన్న చేప మూడవ రోజునో, వారం తిరగకుండానో నీటిపై తేలి కనిపించడం కూడా తరచుగా జరిగేదే. అప్పుడు పెద్దలు "దుకాణంలోనే జబ్బు చేసి ఉంటుంది" అని సర్దిచెబుతారు. కొన్నిసార్లు అది నిజమే. అనేక సందర్భాలలో అసలు కారణం కంటికి కనిపించనిది: నీటిలోని ఉప్పు, అది మారిన వేగం. మంచినీటి చేపల తొట్టిలో దాదాపు తలెత్తని ఈ సమస్య సముద్రపు చేపల తొట్టిలో మొదటి రోజు నుండే ఎదురవుతుంది.

సముద్రపు ఉప్పు వంటింటి ఉప్పు కాదు

ఒక కిలోగ్రాము సముద్రపు నీటిలో సగటున 35 గ్రాముల లవణాలు కరిగి ఉంటాయి. దీనినే వెయ్యికి 35 భాగాల లవణీయత అంటారు. కోస్తా జిల్లాల రొయ్యల రైతులు "35 పీపీటీ" అనేది దీనినే. ఆ 35 గ్రాములలో క్లోరైడ్ 19.35 గ్రాములు, సోడియం 10.78, సల్ఫేట్ 2.71, మెగ్నీషియం 1.28, కాల్షియం 0.41, పొటాషియం 0.40 గ్రాములు. ఈ ఆరింటితోనే లెక్క నూటికి తొంభైతొమ్మిది వంతులకు పైగా పూర్తవుతుంది. మిగిలినవి బైకార్బొనేట్, బ్రోమైడ్ వంటివి, పరిమాణంలో స్వల్పమైనవి.

1819లో అలెగ్జాండర్ మార్సెట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు వివిధ సముద్రాల నీటిని పరీక్షించి ఒక విశేషాన్ని గుర్తించాడు. ఉప్పదనం హెచ్చుతగ్గులుగా ఉన్నా, లవణాల పరస్పర నిష్పత్తి మాత్రం అంతటా ఒక్కటే. 1872 నుండి 1876 వరకు ప్రపంచ సముద్రాలను చుట్టివచ్చిన ఛాలెంజర్ నౌక తెచ్చిన నీటి నమూనాలలో 77 నమూనాలను విలియం డిట్మార్ అతి జాగ్రత్తగా విశ్లేషించి, 1884లో ప్రకటించిన ఫలితాలతో ఈ సూత్రాన్ని స్థిరపరిచాడు. అక్వేరియం కోసం అమ్మే కృత్రిమ సముద్ర లవణాల పొడి ఈ నిష్పత్తుల ఆధారంగా తయారైనదే. కనుక వంటింటి ఉప్పును ఎంత కొలిచి కలిపినా అది ఉప్పునీరే అవుతుంది గాని సముద్రపు నీరు కాదు. కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్ లేని ఆ నీటిలో సముద్రపు చేప ఎక్కువ కాలం మనలేదు.

నిష్పత్తి ఒక్కటే అయినా, మొత్తం ఉప్పు మాత్రం చోటునుబట్టి, ఋతువునుబట్టి మారుతుంది. ఎర్ర సముద్రంలో అది 40 వరకు చేరుతుంది. గంగా, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణా నదులన్నీ వచ్చి కలిసే బంగాళాఖాతంలో వానాకాలపు వరదల తరువాత పై పొర నీరు బాగా పలచబడుతుంది. 1950వ దశకం తొలినాళ్ళలో అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, అక్కడి పరిశోధకులతో కలిసి విశాఖపట్నం తీరపు నీటి ఉష్ణోగ్రతను, లవణీయతను ఋతువులవారీగా పరిశీలించాడు. ఆంధ్రదేశంలో సముద్ర శాస్త్ర పరిశోధనకు అది గట్టి పునాది అయినది.

బరార్డ్ ఇన్‌లెట్‌లోనూ ఇటువంటి మార్పే జరుగుతుంది. వసంతం చివర, వేసవి మొదట్లో ఫ్రేజర్ నదికి మంచు కరిగిన వరద వచ్చినప్పుడు ఆ ప్రాంతపు సముద్రంలో పై పొర నీరు పలచబడుతుంది. కనుక "ఇంటి పక్కనే సముద్రం ఉన్నది గదా" అని అక్కడి నీటిని బిందెతో తెచ్చి తొట్టిలో పోయడం మంచిది కాదు. అది ఉష్ణమండలపు పగడపు దిబ్బల నీటికన్న ఉప్పు తక్కువైనది, ఎప్పటికప్పుడు మారేది, ఓడరేవు మాలిన్యాలు కలిసే అవకాశమున్నది.

చేపకు దాహం ఎందుకు?

సముద్రంలో మునిగి ఉన్న చేపకు దాహమేమిటన్న ప్రశ్నకు సమాధానం తెలుగు వంటింట్లోనే దొరుకుతుంది. మాగాయ పెట్టేటప్పుడు మామిడి ముక్కలలో ఉప్పు, పసుపు కలిపి జాడీలో ఉంచితే మూడవ నాటికి ఊట దిగుతుంది. ఆ ఊట ఎవరూ పోసిన నీరు కాదు, ముక్కలలోనిదే. వెలుపల ఉప్పు ఎక్కువై, లోపల తక్కువైనప్పుడు నీరు పలుచని పొరల గుండా లోపలి నుండి వెలుపలికి వస్తుంది. నానబెట్టిన శనగలు ఉబ్బడంలో జరిగేది ఇందుకు తలక్రిందులు. శాస్త్రభాషలో దీనికి ద్రవాభిసరణం అని పేరు.

సముద్రపు చేప రక్తంలో కరిగి ఉన్న పదార్థాల గాఢత, చుట్టూ ఉన్న నీటి గాఢతలో సుమారు మూడవ వంతు మాత్రమే. చేప మొప్పలు అతి పలుచని పొరలతో ఏర్పడినవి. ప్రాణవాయువు లోపలికి రావాలంటే అవి అలాగే ఉండాలి. కాని ప్రాణవాయువు వచ్చే ద్వారం నుండే నీరు కూడా జారిపోతుంది. అంటే సముద్రపు చేప, ఉప్పులో వేసిన మామిడి ముక్కవలె క్షణక్షణం నీటిని కోల్పోతూ ఉంటుంది. ఎండిపోకుండా ఉండాలంటే అది నీరు త్రాగక తప్పదు.

ఈ సంగతిని న్యూయార్క్‌కు చెందిన శరీరధర్మ శాస్త్రజ్ఞుడు హోమర్ స్మిత్ 1930లో వివరంగా నిరూపించాడు. చేపలున్న నీటిలో ఆయన ఒక ఎర్రని రంగు పదార్థాన్ని కలిపాడు. కొంతసేపటికి ఆ రంగు చేప ప్రేగులలో వెలుపలికన్న చిక్కగా పేరుకొని కనిపించింది. చేప నీరు త్రాగిందనీ, ఆ నీటిని ప్రేగులు పీల్చుకొని రంగును వదిలివేశాయనీ దానితో తేలింది. అయితే నీటితోపాటు ఉప్పు కూడా రక్తంలోకి చేరుతుంది గదా. అది ఎటు పోతున్నది? 1931లో ఏన్సెల్ కీస్ పాము చేప మొప్పలపై ప్రయోగాలు చేసి, మొప్పలే క్లోరైడ్‌ను వెలుపలికి త్రోసివేస్తున్నాయని చూపాడు. మరుసటి సంవత్సరం ఆయన విల్మర్‌తో కలిసి ఆ పని చేసే ప్రత్యేక కణాలను వర్ణించాడు. తరువాతి కాలంలో ఆహారపు కొవ్వులకు, గుండె జబ్బుకు గల సంబంధాన్ని పరిశోధించి లోకప్రసిద్ధి పొందిన ఏన్సెల్ కీస్ ఈయనే.

ఈ విధంగా సముద్రపు చేప ఉప్పునీరు త్రాగుతుంది, సోడియం క్లోరైడ్‌ను మొప్పల ద్వారా, మెగ్నీషియం, సల్ఫేట్‌లను మూత్రపిండాల ద్వారా విసర్జిస్తుంది, మూత్రాన్ని అతి పొదుపుగా విడుస్తుంది. మంచినీటి చేప పరిస్థితి దీనికి పూర్తిగా వ్యతిరేకం. దాని శరీరంలోకి నీరు చొరబడుతూ ఉంటుంది కనుక అది త్రాగవలసిన పని దాదాపు లేదు; పలుచని మూత్రాన్ని విస్తారంగా విడుస్తూ, మొప్పలతో నీటిలోని కొద్దిపాటి ఉప్పును ఏరుకొంటుంది. ఈ రెండు ఏర్పాట్లూ శక్తి ఖర్చుతో నడిచేవే. చేప తిన్న తిండిలో కొంత భాగం నిత్యం ఈ ఉప్పునీటి లెక్క సరిచూడటానికే పోతుంది.

రెండు నీళ్ళనూ ఎరిగిన చేపలు

రెండు లోకాలలోనూ బ్రతకగల జాతులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి బర్నబీ వాసులకు సుపరిచితం, మరొకటి గోదావరి వాసులకు ప్రాణప్రదం.

సాకై సాల్మన్ నదిలో పుడుతుంది. చాలావరకు ఒక సంవత్సరమో, అంతకు పైనో సరస్సులో పెరిగి, వసంతంలో సముద్రానికి ప్రయాణం కడుతుంది. బయలుదేరకముందే దాని దేహంలో మార్పు మొదలవుతుంది. కార్టిసోల్, పెరుగుదల హార్మోను వంటివి రక్తంలో హెచ్చుతాయి; మొప్పలలో ఉప్పును ఏరుకొనే ఏర్పాటు తగ్గి, ఉప్పును త్రోసివేసే కణాలు వృద్ధి చెందుతాయి; మచ్చల చర్మం వెండివలె మెరుస్తుంది. ఇది గంటల పని కాదు, వారాల పని. పెద్దదై గ్రుడ్లు పెట్టడానికి నదికి మరలేటప్పుడు ఈ మార్పంతా వెనుకకు తిరుగుతుంది. ఇదే కుటుంబానికి చెందిన చమ్ సాల్మన్ పిల్లలు గ్రుడ్లలోనుండి వెలువడిన కొద్దికాలానికే సముద్రపు దారి పడతాయి. 2012 శరదృతువులో చమ్ సాల్మన్‌లు ఫ్రేజర్ నుండి బ్రూనెట్ నది మీదుగా బర్నబీ సరస్సు చేరి, దానిలో కలిసే స్టిల్ క్రీక్‌లోకి ఎన్నో దశాబ్దాల తరువాత తిరిగి ఎగబ్రాకాయి. కర్మాగారాల నడుమ, రోడ్ల క్రింద నలిగిపోయిన ఆ చిన్న వాగును శుభ్రపరచడానికి పట్టిన శ్రమకు అది ఫలితం.

బంగాళాఖాతంలో తిరిగే ఇలస చేప వానాకాలపు ఎర్రనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చి పులస అవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దిగువన వలకు చిక్కే ఆ చేప కోసం పుస్తెలైనా అమ్మవచ్చునన్న నానుడి తెలియని తెలుగువారు అరుదు. పులస రుచి సంగతి అటుంచితే, శాస్త్రదృష్టితో అది సాధించేది సాల్మన్ సాధించేదే: ఉప్పును వెళ్ళగొట్టే శరీరాన్ని ఉప్పును దాచుకొనే శరీరంగా మార్చుకోవడం. ఈ చేపలు నదీముఖంలో పలుచని ఉప్పునీటి మెట్లు దాటుతూ ప్రయాణిస్తాయి. ప్రకృతి వాటికి సమయాన్నీ, మెట్లనూ రెండింటినీ సమకూర్చింది.

పగడపు దిబ్బల చేపకు ఈ రెండూ లేవు. తరతరాలుగా 34, 35 పీపీటీల మధ్య దాదాపు మార్పులేని నీటిలో బ్రతికిన జాతి అది. అందులోనూ అనేక జాతులను నేటికీ ఫిలిప్పీన్స్, ఇండోనేషియా దిబ్బల నుండి పట్టి, సంచీలలో కట్టి, విమానాలలో పంపుతారు. అలా వచ్చిన చేపను తెలియని నీటిలోకి ఒక్కసారిగా విడవడం సాల్మన్ వారాలలో చేసే పనిని నిమిషాలలో చేయమనడమే.

ఎటు మారితే ప్రమాదం?

ఇక్కడ చాలామందికి తెలియని ముఖ్యమైన విషయం ఒకటున్నది. ఉప్పు తగ్గడం, పెరగడం అనే రెండు మార్పులూ చేపకు సమానం కావు.

చేప రక్తపు గాఢత సుమారు 11, 12 పీపీటీల నీటి గాఢతకు సమానం. కాబట్టి 35 పీపీటీల నీటి నుండి 30 పీపీటీల నీటికి వచ్చిన చేపకు వెలుపలి నీరు తన రక్తానికి కొంత చేరువ అవుతుంది. జారిపోయే నీరు తగ్గుతుంది, శ్రమ తగ్గుతుంది. మొప్పల కణాలు అప్పటికే అవసరానికి మించి ఉన్నాయి గనుక లోటు రాదు. ఎముకలున్న సముద్రపు చేపలలో అనేక జాతులు ఇటువంటి మార్పును చక్కగా తట్టుకొంటాయి. తెల్లచుక్కల వ్యాధిని కలిగించే పరాన్నజీవిని అణచడానికి వ్యాధి సోకిన చేపలను విడి తొట్టిలో ఉంచి, రెండు మూడు రోజులలో ఉప్పును 14 నుండి 16 పీపీటీల వరకు దించి, కొన్ని వారాలపాటు అలాగే నిలిపే చికిత్స ఉన్నది. అన్ని సందర్భాలలోనూ అది ఫలించదు గాని, చేప మాత్రం దానిని ఓర్చుకొంటుంది.

ఉప్పు పెరిగినప్పుడు జరిగేది వేరు. 28 పీపీటీలకు అలవాటు పడిన చేపను 35 పీపీటీల నీటిలో వేస్తే దేహం నుండి నీరు హఠాత్తుగా ఎక్కువగా జారిపోతుంది. దానికి సరిపడా ఎక్కువ నీరు త్రాగాలి. ఆ నీటితో వచ్చే అదనపు ఉప్పును త్రోసివేయడానికి మొప్పలలో అదనపు సామర్థ్యం కావాలి. ఆ సామర్థ్యం పెరగడానికి రోజులు పడుతుంది. ఈలోపు రక్తం చిక్కబడుతుంది, కండరాలు నీరు కోల్పోతాయి. చేప వెంటనే చనిపోకపోవచ్చు. మొదటి సాయంత్రం ఈదుతూనే ఉంటుంది, మరునాడు తిండి ముట్టదు, మూడవనాడు పోతుంది. మధ్యలో రెండు రోజులు గడవడం వల్ల యజమానికి కారణం బోధపడదు.

ఈ తేడా అమలులో మరింత ముఖ్యమవుతుంది. ఎందుకంటే ఉప్పు ఖర్చు తగ్గించుకోవడానికో, పరాన్నజీవులను అదుపులో ఉంచడానికో కొన్ని దుకాణాలు తమ చేపల తొట్లలో ఉప్పును తక్కువగా ఉంచుతాయి. ఇంటి తొట్టిలో పగడాల కోసం 35 ఉంచుతారు. అంటే దుకాణం నుండి ఇంటికి వచ్చే చేప తరచుగా ప్రమాదకరమైన దిశలోనే ప్రయాణిస్తున్నది.

రొయ్యలు, నక్షత్ర చేపలు, సముద్రపు అర్చిన్‌ల వంటి వెన్నెముక లేని ప్రాణుల సంగతి వేరు. నక్షత్ర చేప వంటివాటికి లోపలి ద్రవాన్ని వెలుపలి నీటికి భిన్నంగా నిలుపుకొనే శక్తి లేదు. నీటిలో ఉప్పు ఎటు మారినా లోపల అదే మార్పు జరుగుతుంది. వాటి విషయంలో తగ్గుదల, పెరుగుదల రెండూ ప్రమాదమే.

కొలత సరిగా లేకపోతే జాగ్రత్త వ్యర్థం

పాలలో నీళ్ళు కలిపారో లేదో తేల్చే లాక్టోమీటరు పల్లెటూళ్ళ పాలకేంద్రాలలో అందరూ చూసినదే. ఉప్పునీటిని కొలిచే హైడ్రోమీటరు దాని సోదరి. స్వచ్ఛమైన నీటితో పోల్చినప్పుడు 25 డిగ్రీల సెంటీగ్రేడ్ వద్ద 35 పీపీటీల సముద్రపు నీటి సాపేక్ష సాంద్రత 1.0264. అదే పరికరం 1.021 చూపితే నీటిలో ఉన్నది 28 పీపీటీలే. దశాంశం తరువాత మూడవ స్థానంలోని చిన్న అంకెలో ఇంత భేదం దాగి ఉంటుంది. పైగా సాంద్రత ఉష్ణోగ్రతతో మారుతుంది కనుక, హైడ్రోమీటరు ఏ ఉష్ణోగ్రతకు తయారైనదో దానిపై చూసుకోవాలి. ముల్లు తిరిగే ప్లాస్టిక్ పరికరమైతే ముల్లుకు అంటిన గాలి బుడగ, ఎండిన ఉప్పు పొర కూడా లెక్క తప్పిస్తాయి.

కాంతి వంగడాన్ని ఆధారం చేసుకొని కొలిచే రిఫ్రాక్టోమీటరు ఇంతకన్న నమ్మదగినది. అయితే చవకగా దొరికే వాటిలో అనేకం సముద్రపు నీటికి కాక సాధారణ ఉప్పు ద్రావణానికి గీతలు గీసినవి. స్వచ్ఛమైన నీటితో సున్నా సరిచూసినంత మాత్రాన 35 దగ్గర అవి సరిగా చూపుతాయన్న నమ్మకం లేదు. అందువల్ల 35 దగ్గరే సరిచూడాలి. దీనికి ఇంట్లోనే ఒక ప్రామాణిక ద్రావణం చేసుకోవచ్చు. వంటింటి త్రాసులో 36.5 గ్రాముల ఉప్పు, 963.5 గ్రాముల స్వేదన జలం తూచి పూర్తిగా కరిగించాలి. ఈ ద్రావణపు వక్రీభవన గుణకం 35 పీపీటీల సముద్రపు నీటి వక్రీభవన గుణకంతో సమానం. దీని చుక్క వేసినప్పుడు పరికరం 35 చూపేటట్లు మరను సవరించాలి. ఇది పరికరాన్ని సరిచూడటానికి మాత్రమే. చేపల తొట్టిలో పోయడానికి కాదు.

తొట్టిలో తెలియకుండా పెరిగే ఉప్పు

చేపను తెచ్చిన రోజు జాగ్రత్తపడినా, తరువాత ఉప్పు తనంతట తానే పెరుగుతుంది. నీరు ఆవిరవుతుంది గాని ఉప్పు ఆవిరికాదు. కెనడా చలికాలంలో ఇంటిని వేడిచేసే ఫర్నేసు గాలిని పొడిగా చేస్తుంది. తొట్టి నీరు 25 డిగ్రీల వెచ్చదనంలో ఉంటుంది. కనుక చలికాలంలోనూ ఆవిరి తక్కువేమీ కాదు.

ఒక లెక్క చూడవచ్చు. 100 లీటర్ల తొట్టిలో లీటరుకు 35 గ్రాముల వంతున మొత్తం 3,500 గ్రాముల లవణాలున్నాయి. వారంలో 5 లీటర్లు ఆవిరైతే, 95 లీటర్లలో అదే 3,500 గ్రాములు మిగిలి లవణీయత సుమారు 36.8 అవుతుంది. ఆ 5 లీటర్లను మంచినీటితో భర్తీ చేస్తే తిరిగి 35కు వస్తుంది. ఉప్పునీటితో భర్తీ చేస్తే మరో 175 గ్రాములు చేరతాయి. నాలుగు వారాలు అలాగే చేస్తే తొట్టిలో లవణాలు 4,200 గ్రాములు, అంటే లీటరుకు 42. ఎర్ర సముద్రంకన్న ఉప్పన. "సముద్రపు తొట్టికి సముద్రపు నీరే పోయాలి" అన్న సహజమైన పొరపాటుతో ఎన్నో తొట్లు ఇలా పాడవుతాయి. ఆవిరైన నీటికి బదులు మంచినీరు, తీసివేసిన నీటికి బదులు ఉప్పునీరు: ఈ ఒక్క నియమం గుర్తుంటే చాలు. తొట్టి అద్దంపై నీటి మట్టం దగ్గర ఒక గీత గీసి, రోజూ ఆ గీత వరకు మంచినీరు పోయడం ఉత్తమం.

పోయవలసిన మంచినీటి గురించి ఒక మాట. బర్నబీకి వచ్చే నీరు కాపిలానో, సీమోర్, కొక్విట్లామ్ జలాశయాలలో చేరిన వాననీరు, మంచునీరు. దానిలో ఖనిజాలు చాలా తక్కువ కనుక లవణాల పొడి కలపడానికి అనువైనది. కాని దానిలో క్లోరిన్ ఉంటుంది. సోడియం థయోసల్ఫేట్ గల మందు చుక్కలతో దానిని తొలగించాలి. క్లోరిన్‌కు బదులు క్లోరమిన్ వాడే నగరాలు ఉత్తర అమెరికాలో అనేకం ఉన్నాయి. అక్కడ క్లోరిన్‌తోపాటు విడుదలయ్యే అమ్మోనియాను కూడా బంధించే మందు కావాలి. మృదువైన నీరు రాగి గొట్టాలను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. దీనిని తగ్గించడానికే మెట్రో వాంకోవర్ 2021లో సరఫరా నీటి పి.హెచ్. విలువను పెంచింది. అయినా రాత్రంతా గొట్టంలో నిలిచిన నీటిని ఉదయం కొంత వదిలివేసి, ఆ తరువాతి నీటిని పట్టుకోవడం మంచిది. లేశమాత్రపు రాగి కూడా రొయ్యలకు విషం.

సంచీ నుండి తొట్టికి

ఇక చేపను ఇంటికి తెచ్చినప్పుడు చేయవలసిన పని. అక్వేరియం ప్రియులలో వాడుకలో ఉన్న పద్ధతి, సంచీని విప్పి, తొట్టి నీటిని సన్నని గొట్టంతో చుక్కచుక్కగా గంటల తరబడి సంచీలోకి వదలడం. ఉప్పు మార్పు నెమ్మదిగా జరగాలన్న ఉద్దేశం మంచిదే. కాని దూరప్రయాణం చేసి వచ్చిన సంచీలో మరొక రసాయన చర్య పొంచి ఉంటుంది.

మూసిన సంచీలో చేప ఊపిరి విడుస్తూ ఉంటుంది. ఆ కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి పి.హెచ్. విలువను 8 దాటిన స్థాయి నుండి 7 దరిదాపులకు దించుతుంది. చేప విసర్జించే అమ్మోనియా కూడా ఆ నీటిలోనే పోగవుతుంది. పి.హెచ్. 7 దగ్గర ఆ అమ్మోనియాలో విషపూరితమైన రూపం నూటికి అర వంతు కూడా ఉండదు. మిగిలినదంతా అంతగా హాని చేయని అమ్మోనియం అయాను. సంచీ విప్పగానే కార్బన్ డయాక్సైడ్ తప్పించుకుపోతుంది, పైనుండి పడే తొట్టి నీరు కూడా పి.హెచ్. విలువను పెంచుతుంది. పి.హెచ్. 8.2కు చేరితే విషపూరిత రూపం నూటికి సుమారు ఆరు వంతులవుతుంది. అంటే పది రెట్లకు పైగా. ఉప్పు దెబ్బ తగలకూడదని గంటల తరబడి చేపను ఆ సంచీలో ఉంచడం వల్ల అమ్మోనియా దెబ్బ తగులుతుంది.

ఈ చిక్కుకు పరిష్కారం చేపను నీటికి అలవాటు చేయడం కాదు, నీటిని చేపకు అనుగుణంగా సిద్ధం చేయడం. ఆంధ్ర తీరంలోని రొయ్యల రైతులు ఈ సూత్రాన్ని బాగా ఎరుగుదురు. 2009లో వనామి రొయ్యల పెంపకానికి దేశంలో అనుమతి లభించిన తరువాత, ఉప్పు తక్కువైన చెరువులలోనూ ఆ సాగు విస్తరించింది. హేచరీలో రొయ్య పిల్లలు పుట్టేది సముద్రపు నీటిలో. అందువల్ల రైతు తన చెరువు నీటి పీపీటీ ఎంతో ముందుగానే హేచరీకి తెలుపుతాడు. అక్కడ రోజుల తరబడి ఉప్పును మెట్లుమెట్లుగా దించి, చెరువుకు సరిపడే స్థాయికి తెచ్చాకనే పిల్లలను సంచీలకు ఎక్కిస్తారు. మార్పంతా ప్రయాణానికి ముందే, విశాలమైన నీటిలో జరుగుతుంది గాని ఇరుకైన సంచీలో కాదు.

ఇంటి అక్వేరియానికి ఈ సూత్రాన్ని ఇలా అన్వయించవచ్చు. చేపను కొనే ముందే దుకాణపు నీటి లవణీయత ఎంతో అడగాలి. వీలైతే సొంత పరికరంతో కొలవాలి. ఇంట్లో ఒక చిన్న విడి తొట్టిని, ముందే పక్వమైన ఫిల్టరుతో, అదే లవణీయతతో, 25 డిగ్రీల వెచ్చదనంతో సిద్ధం చేయాలి. చేప వచ్చాక సంచీని విప్పకుండా పదిహేను, ఇరవై నిమిషాలు ఆ నీటిపై తేలనివ్వాలి. అంతలో ఉష్ణోగ్రతలు సమమవుతాయి. అప్పుడు సంచీ విప్పి, నీటి చుక్క తీసి కొలవాలి. రెండు నీళ్ళ మధ్య తేడా 2 పీపీటీలకు లోబడి ఉంటే, లేదా కొత్త నీరే కొద్దిగా పలుచన అయితే, ఆలస్యం చేయక చేపను కొత్త నీటిలోకి మార్చాలి. సంచీ నీటిని మాత్రం తొట్టిలో పోయకూడదు. కొత్త నీరు అంతకన్న ఉప్పనగా ఉంటే, స్వేదన జలమో, క్లోరిన్ తొలగించిన మంచినీరో కలిపి విడి తొట్టి నీటిని అప్పటికప్పుడు సంచీ స్థాయికి దించాలి. 38 పీపీటీలున్న 100 లీటర్లను 35కు తేవాలంటే సుమారు 8 లీటర్లు తీసి అంతే మంచినీరు పోస్తే సరిపోతుంది. తక్కిన అంకెలకూ లెక్క ఇదే తీరు.

ఆ తరువాత తొందర లేదు. విడి తొట్టిలో రోజుకు ఒకటి, రెండు పీపీటీల చొప్పున ఉప్పును పెంచుతూ పోవాలి. ఆవిరైన నీటికి బదులు ఈ ఒక్క సందర్భంలో ఉప్పునీరు పోయడం సులువైన మార్గం. ఈ వారం, పది రోజులలో చేప మొప్పలు తమ కొత్త కణాలను పెంచుకొంటాయి. జబ్బు ఏదైనా ఉంటే అది పెద్ద తొట్టికి అంటకముందే బయటపడుతుంది. దుకాణం దగ్గరిదై, ప్రయాణం గంటలోపు ముగిసి, తెచ్చినది రొయ్యో, నక్షత్ర చేపో అయితే మాత్రం సంచీలో అమ్మోనియా అంతగా పోగుపడదు. అటువంటప్పుడు ఒకటి రెండు గంటలు చుక్కల పద్ధతి పాటించడమే మేలు.

పిల్లలున్న ఇంట్లో ఈ పనులన్నీ పిల్లలచేతనే చేయించవచ్చు. త్రాసుతో ఉప్పు తూచడం, గీత వరకు నీరు పోయడం, వారానికి రెండుసార్లు లవణీయతను కొలిచి పుస్తకంలో వ్రాయడం పదేళ్ళ పిల్లలకు కష్టమైన పనులు కావు. శరదృతువులో ఒక సాయంత్రం వారిని బ్రూనెట్ నది ఒడ్డుకు తీసుకువెళ్తే, ఉప్పునీటిని విడిచి మంచినీటిలోకి ఎదురీదే సాల్మన్‌లు కనిపించవచ్చు. పులస కథ చెప్పడానికి అంతకన్న మంచి చోటు బర్నబీలో మరొకటి ఉండదు. ఆ చేపలకు సముద్రం నుండి నదికి రావడానికి దొరికిన వ్యవధిలో కొద్ది భాగమైనా దుకాణం నుండి తెచ్చిన చిన్న చేపకు ఇవ్వడం ప్రతి యజమాని కనీస ధర్మం.